మత్తికెరె మట్టిగోడలో నీలి చారల తేనెటీగలు

బెంగళూరును తలుచుకుంటూ రాసేవాళ్ళు సాధారణంగా చెరువుల గురించి, వీధుల మీదికి వంగిన వానచెట్ల గురించి, ఫ్యాను లేకుండా గడిచిన వేసవుల గురించి రాస్తారు. అవన్నీ నేనూ చూసినవే, నాకూ ఇష్టమైనవే. అయితే ఈ ఊళ్ళో నా కళ్ళముందే తరిగిపోయినవాటిలో ఎవరూ లెక్కలోకి తీసుకోనిది ఒకటుంది. అది ఏ మొక్కా నాటని, ఏ రాయీ పరవని, ఎండ నేరుగా తగిలే ఉత్త ఎర్రనేల. దాన్ని పోగొట్టుకున్నామని బాధపడేవాళ్ళు నాకింతవరకూ తారసపడలేదు, ఎందుకంటే అలాంటి చోటు కంటబడితే అక్కడ ఇంకా ఏదో పని మిగిలి ఉందనే అందరికీ అనిపిస్తుంది. ఆ నేలలో కాపురముండే ఒక తేనెటీగను చిన్నప్పుడు దగ్గరగా చూసినదాన్ని కనుక నాకు అలా అనిపించదు.

మా నాయనది మదనపల్లె. జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగళూరులో హెచ్ఎంటీ వాచీల కర్మాగారం మొదలైంది. ఆ తర్వాత కొన్నేళ్ళకు ఆయన అందులో చేరి, మత్తికెరెలో అద్దె ఇల్లు చూసుకుని, మా అమ్మనూ అవ్వనూ తీసుకొచ్చారు. నేను పుట్టింది అక్కడే. మా వీధిలో చింతామణి, ముళబాగిలు, హిందూపురం వైపు నుంచి వచ్చిన కుటుంబాలే ఎక్కువ కావడంతో కొళాయి దగ్గర తగాదాలు తెలుగులో మొదలై కన్నడంలో ముగిసేవి. 1971 జనాభా లెక్కల నాటికి బెంగళూరు జనం 16 లక్షల పైచిలుకు. మత్తికెరె అప్పటికి ఊరి అంచు. లేఔట్లకు హద్దురాళ్ళు పాతారే గాని సగం సైట్లలో ఇంకా ఇళ్ళు లేవలేదు. ఆ ఖాళీ సైట్లలో తుమ్మి, వెంపలి, తంగేడు వాటంతట అవే మొలిచేవి. మధ్యమధ్యలో పిల్లలు గోలీలాడిన చోట్ల మట్టి గట్టిపడి నున్నగా ఉండేది.

తర్వాత మేము కట్టుకున్న ఇంటికి వెనకవైపు ఒక పాత రాగిచేని గట్టు ఉండేది. ఆ గట్టు మీద, మేము రాకముందెప్పుడో, ఎవరో రైతు నిలబెట్టిన మట్టిగోడ మా సైటుకూ వెనక సైటుకూ ఉమ్మడి హద్దుగా మిగిలిపోయింది. నిలువెత్తు కూడా లేని గోడ అది. పైన మంగళూరు పెంకులు వరసగా బోర్లించి ఉండటంతో వాన నేరుగా దాని మీద పడేది కాదు. తూర్పు ముఖం కావడంతో పొద్దుటి ఎండ మొదట దానికే తగిలేది. గోడ మొదట్లో మూడడుగుల మేర నేల ఎప్పుడూ పొడిగానే ఉండేది. అవ్వ రోజూ వాకిట్లో పేడనీళ్ళు చల్లి ముగ్గు వేసేది, పెరడంతా ఊడ్చి వంగ, మిరప, టమాటా మొక్కలకు పాదులు తీసేది, కాని ఆ గోడ దాపుకు మాత్రం చీపురు గాని పార గాని తీసుకువెళ్ళేది కాదు. నేను అక్కడ పుల్లతో కెలుకుతుంటే వంటింటి కిటికీలోంచే కేకేసేది: "వాటి జోలికి పోవద్దు పాపా, అవి ఎవురి జోలికీ రావు."

ఆమె అన్నది నీలి చారల తేనెటీగల గురించి. శాస్త్రజ్ఞులు అమెగిల్లా అనే ప్రజాతిలో చేర్చిన ఈ తేనెటీగలు దక్షిణాసియాలో చాలాచోట్ల కనిపిస్తాయి. పొడవు దాదాపు అర అంగుళం. వీపు మీద దట్టంగా గోధుమరంగు నూగు ఉంటుంది. నల్లటి పొట్ట మీద అడ్డంగా ఉండే చారలు నీడలో బూడిదరంగుగా కనిపించి, ఎండలోకి రాగానే నీలంగా మెరుస్తాయి. ఎగిరే తీరు కూడా పెరటి తేనెటీగల తీరు కాదు. పువ్వు ముందు గాలిలో నిలిచి, పొడవాటి నాలుకను ముందుగానే చాపి, క్షణంలో తాగేసి, చూస్తున్న మనిషి కన్ను తిప్పేలోపు మరో పువ్వు దగ్గర ఉంటాయి. వీటికి రాణి ఉండదు, పనికత్తెలు ఉండరు, తేనెపట్టు ఉండదు. ప్రతి ఆడ ఈగా తన గూడు తానే తవ్వుకుని, తన పిల్లల గ్రాసం తానే మోసుకొచ్చుకుని, ఎవరి సాయమూ లేకుండా బతుకుతుంది. పది ఈగలు ఒకే గోడలో పక్కపక్కన తవ్వుకున్నా ఎవరి గుమ్మం వారిదే, ఎవరి సంసారం వారిదే. కాపాడుకోవడానికి ఉమ్మడి సొత్తు లేదు కాబట్టి మందగా వచ్చి కుట్టే అలవాటూ లేదు. చేతిలో పట్టుకుని నలిపితే తప్ప ఆడది కూడా కుట్టదు. మగదానికైతే ముల్లే లేదు.

నాయన దగ్గర వాచీ పనివాళ్ళు కంటికి బిగించుకునే భూతద్దం ఒకటి ఉండేది. ఆయన మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు నేను దాన్ని పట్టుకుని గోడ దగ్గరకు వెళ్ళి బోర్లా పడుకునేదాన్ని. ఆ అద్దంలో ఏదైనా సరిగా కనబడాలంటే ముఖం దాదాపు గోడకు ఆనించాలి. అలా ఆనించి కదలకుండా ఉంటే, కాసేపటికి ఈగ నన్ను గోడలో భాగంగానే తీసుకునేది. మే నెలలో ఒకటి రెండు వానలు పడి మట్టి కాస్త సడలిన తర్వాత తవ్వకం మొదలయ్యేది. మొదట తల గోడకు ఆనించి, దవడలతో మట్టి పెళ్ళను కొరికి, ముందుకాళ్ళతో పొట్ట కిందికి లాగి, వెనకకాళ్ళతో బయటికి తన్నేది. పెన్సిలు దూరేంత రంధ్రం తయారై, లోపలికి పూర్తిగా వెళ్ళిన తర్వాత, ఉండుండి పొట్ట చివర మాత్రం గుమ్మంలోకి వచ్చి, చిటికెడు ధూళిని తోసి, మళ్ళీ మాయమయ్యేది. బయటికి వచ్చిన ఈగ ఒళ్ళంతా ఎర్రటి ధూళి అంటుకుని ఉండేది. అది గోడ మీదే నిలబడి, ముందుకాలిని దవడల మధ్య నుంచి లాగి, మీసాలను ఒక్కొక్కటిగా తుడుచుకునేది. నీలి చారలు మళ్ళీ తేటగా కనబడేదాకా ఆ తుడుపు సాగేది. గ్రాసం తెచ్చే దశకు వచ్చాక వెనకకాళ్ళ కుచ్చుల నిండా పసుపుపచ్చ పుప్పొడి అద్దుకుని వచ్చి, అన్ని రంధ్రాల మధ్య తన రంధ్రం ముందు క్షణం పాటు గాలిలో ఊగి, సూటిగా లోపలికి దూరేది. పొరపాటున పక్క గుమ్మంలోకి దూరిన ఈగ ఎంత వేగంగా బయటికి వచ్చేదో చూసి నేను నవ్వు ఆపుకోలేకపోయేదాన్ని.

లోపల ఏమి జరుగుతుందో చెప్పినవారు మా ఎదురింటి మేష్టారు. హెబ్బాళ వైపు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో కీటకశాస్త్రం బోధించేవారాయన. అనంతపురం మనిషి, మితభాషి. పిల్లలు అడిగితే మాత్రం పెద్దవాళ్ళకు చెప్పినంత వివరంగా చెప్పేవారు. గోడ లోపలి సొరంగం చివర చిన్న కుండ ఆకారంలో ఒక అర ఉంటుందని, తన ఒంట్లో ఊరే మైనం వంటి పదార్థంతో ఈగ దాని లోపలివైపు పూత పూస్తుందని, ఆ పూత వల్ల వానాకాలంలోనూ చెమ్మ లోపలికి దిగదని ఆయన చెప్పారు. ఆ అరలో పుప్పొడినీ మకరందాన్నీ కలిపిన ముద్ద పెట్టి, దాని మీద ఒకే గుడ్డు పెట్టి, మట్టితో మూత వేసి, తల్లి ఇంకో అర మొదలుపెడుతుంది. పెద్ద ఈగ బతికేది కొన్ని వారాలే. తాను మూసిన అరలోంచి పిల్ల బయటికి రావడం చాలా తల్లులు చూడవు. లోపల పిల్లపురుగు ఆ ముద్దను తిని, పెరిగి, మళ్ళీ అనువైన కాలం వచ్చేదాకా నెలల తరబడి కదలకుండా అక్కడే పడి ఉంటుంది.

ఆయన చివరగా అన్న మాట నాకు బాగా గుర్తుంది. "అమ్మాయీ, నువ్వు ఎగురుతున్నప్పుడు చూస్తున్నావు కాబట్టి ఇది ఎగిరే పురుగు అనుకుంటున్నావు. దీని బతుకులో ఎక్కువ భాగం మట్టిలోనే గడుస్తుంది. గోడ ఖాళీగా కనబడుతున్నప్పుడే లోపల నిండా ఉంటాయి." ఆ వయసులో అది నాకు పొడుపుకథగా తోచింది గాని, తర్వాత జరిగినదంతా ఆ ఒక్క మాటతోనే అర్థమవుతుంది.

గోడ దగ్గరికి అప్పుడప్పుడూ మరో రకం ఈగ వచ్చేది. నల్లటి ఒంటి మీద చారలకు బదులు నీలి చుక్కలు ఉండేవి. అది తవ్వేది కాదు, పుప్పొడి మోసేది కాదు, గోడ వెంబడి నెమ్మదిగా తిరుగుతూ రంధ్రాలు చూసుకుంటూ పోయేది. థైరియస్ అనే ఈ ప్రజాతివాటిని కోకిల తేనెటీగలు అనవచ్చునని మేష్టారు అన్నారు. యజమానురాలు పూలకు వెళ్ళిన సమయం చూసి లోపలికి దూరి తన గుడ్డు పెట్టి వస్తుంది. దాని పిల్ల అవతలి పిల్ల కోసం దాచిన గ్రాసం తిని పెరుగుతుంది. అవ్వకు ఈ సంగతి చెబితే ఆమె చాలా కోపగించుకుని, ఆ చుక్కల ఈగను కొంగుతో తోలడం మొదలుపెట్టింది. మేష్టారు నవ్వి, చుక్కల ఈగ వస్తోందంటే చారల ఈగలు పుష్కలంగా ఉన్నట్టే లెక్క, అది రావడం మానేసిన రోజున విచారించండి అన్నారు.

సాయంత్రం పూట చూడవలసినవి మగ ఈగలు. వాటికి గూడు లేదు. పొద్దు వాలే వేళకు అవి పెరట్లో ఎండిపోయిన తులసి కొమ్మ మీదికి ఒక్కొక్కటిగా చేరి, పుల్లను దవడలతో గట్టిగా కరిచి పట్టుకుని, కాళ్ళు ముడుచుకుని, ఒళ్ళంతా గాలిలో ఉంచి నిద్రపోయేవి. చోటు కోసం కాసేపు తోపులాట జరిగి, చీకటి పడేసరికి అన్నీ వరసలో కుదురుకునేవి. కొత్తగా పెళ్ళై మా ఇంట్లోకి వచ్చిన చిన్నమ్మ ఆ ఎండు కొమ్మను విరిచి పొయ్యిలో పెట్టబోతే అవ్వ ఊరుకోలేదు. ఎండిన మొక్కను పీకకుండా ఉంచడం ఇంటికి మంచిది కాదని చిన్నమ్మ, ఈ ఇంట్లో ఏది మంచిదో తనకు తెలుసని అవ్వ వాదించుకున్నారు. ఆ కొమ్మ ఇంకో ఏడాది ఉంది.

అవ్వ వాటిని అంతగా వెనకేసుకు రావడానికి దయ ఒక్కటే కారణం కాదు. వంకాయ పువ్వు, టమాటా పువ్వు మకరందం ఇవ్వవు. వాటి పుప్పొడి కేసరాల లోపల బిగించి ఉంటుంది, చివర సన్నటి రంధ్రంలోంచి మాత్రమే రాలుతుంది. తంగేడు పువ్వుదీ అదే పద్ధతి. తేనెపట్టులు పెట్టే మామూలు తేనెటీగలకు ఆ పుప్పొడిని రాల్చే విద్య తెలియదు. నీలి చారల ఈగ కేసరాల గుత్తిని పట్టుకుని, రెక్కలు కదపకుండానే ఎగరడానికి వాడే కండరాలను బలంగా అదిరిస్తుంది. ఆ అదురుకు పుప్పొడి దాని పొట్ట మీద రాలుతుంది. మామూలుగా ఎగిరేటప్పటి ఝుంకారం వేరు, పువ్వును అదిరించేటప్పటి ధ్వని వేరు. రెండోది హెచ్చు స్థాయిలో, తంబూరా తీగను మీటి వదిలినట్టు, చిన్నచిన్న తునకలుగా వినబడేది. అవ్వ వంటింట్లో కూర్చునే ఆ ధ్వని విని, "ఈ పొద్దు వంగచెట్టుకు పనోళ్ళు వచ్చినారు" అనేది. ఆస్ట్రేలియాలో ఉండే ఒక జాతి నీలి చారల ఈగ తన తలను సెకనుకు సుమారు 350 సార్లు కేసరాలకేసి కొడుతుందని 2015లో అక్కడి పరిశోధన తేల్చినప్పుడు నేను ఆ వార్తను రెండుసార్లు చదివాను. ఇతర దేశాల్లో ఈ పనికి వాడే బంబుల్‌బీలు అనే బొద్దు తేనెటీగలను దిగుమతి చేసుకోవడానికి అనుమతి లేని ఆ దేశపు ప్రధాన భూభాగంలో, గాజుగదుల్లో పెంచే టమాటాకు ఈ ఈగలను ఉపయోగించవచ్చా అన్నది కూడా పరీక్షించారు. అవ్వకు ఆ సంగతి తెలిసి ఉంటే కూలి ఎంత ఇస్తారని అడిగేది.

1980లలో మత్తికెరె నిండిపోయింది. ఖాళీ సైట్లు ఒక్కొక్కటే ఇళ్ళయ్యాయి, ఇళ్ళు రెండంతస్తులయ్యాయి. వెనక సైటు చేతులు మారింది. కొత్త యజమాని మర్యాదస్తుడే. హద్దుగోడ మట్టిది కనుక పడగొట్టి సైజు రాళ్ళతో కట్టిస్తానని, ఖర్చు తానే పెట్టుకుంటానని ఇంటికి వచ్చి చెప్పాడు. నాయనకు అందులో కాదనవలసింది ఏమీ కనబడలేదు. బెంగళూరులో కట్టడం పనులు వానలు రాకముందు పూర్తి చేసుకోవడం ఆనవాయితీ కాబట్టి మార్చి నెలలో పని పెట్టారు. గోడ మీద అప్పుడు ఒక్క ఈగ కూడా ఎగరడం లేదు. కూలీలు గునపాలతో రెండు రోజుల్లో గోడను నేలమట్టం చేసి, ఆ మట్టినే పునాది గుంటల్లో పోసి దిమ్మిస కొట్టారు. పెళ్ళలు విరిగినచోట లోపల నున్నటి అరలు కనబడుతుంటే నేను ఒకదాన్ని చేతిలోకి తీసుకుని చూశాను. చింతగింజ పట్టేంత కుండ, లోపల పల్చటి మెరుగు, అందులో పాలరంగు పురుగు ఒకటి వంకరగా ముడుచుకుని ఉంది. మేష్టారు అప్పటికి బదిలీ మీద ధార్వాడ వెళ్ళిపోయారు.

తర్వాత పునాదుల చుట్టూ చెదల మందు పోశారు. ఇది ఆ ఇంటి ప్రత్యేకత కాదు. ఇల్లు కట్టే ప్రతివారూ క్లోరోపైరిఫాస్ వంటి మందును, ఈమధ్య ఇమిడాక్లోప్రిడ్‌ను, నీళ్ళలో కలిపి పునాది చుట్టూ మట్టిని తడుపుతారు. చెదలు చచ్చేంత మందు తడిసిన మట్టిలో ఏ తేనెటీగా పిల్లను పెంచలేదు. ఇమిడాక్లోప్రిడ్‌తో పాటు ఆ కోవకే చెందిన మరో రెండు మందులను ఆరుబయట పొలాల్లో వాడకూడదని యూరోపియన్ యూనియన్ 2018లో నిషేధించింది కూడా తేనెటీగల కోసమే. మన చర్చల్లో మాత్రం మందు అంటే పువ్వు మీద చల్లేదే గుర్తుకొస్తుంది, మట్టిలో పోసేది గుర్తుకు రాదు.

ఆ ఏడాది మే వానలకు కొత్త రాతిగోడ మీద ఈగలేవీ వాలలేదు. అవ్వ వంగచెట్లు కాయడం మానేశాయని రాస్తే కథ రక్తి కట్టేది గాని, అలా జరగలేదు. పెద్ద నల్ల తుమ్మెదలకు కూడా పువ్వును అదిరించే విద్య వచ్చు; అవి ఎండుకర్రలో తొలుచుకుని గూడు పెట్టుకుంటాయి కాబట్టి వాటికి గోడతో పని లేదు. వంకాయలు కాశాయి. అవ్వ మాత్రం ఆ ధ్వని తేడాను పట్టేసి, ఇవి మన పనోళ్ళు కాదులే అని ఒకటి రెండుసార్లు అంది. నీలి చారలవి ఊళ్ళో మరెక్కడెక్కడో ఉండేవి. అప్పుడప్పుడూ ఒకటి వచ్చి తులసి మీద తిరిగి వెళ్ళేది. చుక్కల ఈగను మాత్రం ఆ ఇంట్లో మళ్ళీ చూసిన గుర్తు లేదు.

ప్రపంచంలో గుర్తించిన తేనెటీగ జాతులు 20,000కు పైగా ఉన్నాయి. వాటిలో సుమారు 70 శాతం నేలలోనే గూడు పెట్టుకుంటాయి, అత్యధికం ఒంటరి బతుకువే. తేనెటీగలను కాపాడదామని ఉత్సాహపడే మన నగరవాసులు చేసే పనులు చూస్తే ఈ లెక్క ఎవరి చెవికీ సోకినట్టు లేదు. మేడమీద తేనెపెట్టెలు పెడతారు. అవి తేనెపట్టు ఈగలవి. వెదురు గొట్టాలు కట్టలు కట్టి ఈగల హోటల్ అని తగిలిస్తారు. అందులో ఆకు కత్తిరించే ఈగలు, తుమ్మెదలు దిగుతాయే గాని నేలను తవ్వేవి దిగవు. పూలమొక్కలు నాటుతారు, అది మంచిదే. నాటాక మిగిలిన మట్టి అంగుళం కూడా కనబడకుండా కొబ్బరిపీచో, గులకరాళ్ళో, లానో పరుస్తారు. అన్నం వడ్డించి ఇంటికి తాళం వేసే ఈ మర్యాద నాకు మింగుడుపడదు. రోడ్డు పక్కన చెట్టు మొదలు దాకా ఇంటర్‌లాక్ బిళ్ళలు పరిచేది కార్పొరేషన్ కాంట్రాక్టరే అని తిట్టుకుంటాం గాని, సొంత కాంపౌండులో మనం పరిచే బిళ్ళలు అంతకంటె తక్కువేమీ కాదు.

మా తమ్ముడి కూతురు ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఉద్యోగం చేస్తోంది. నా ఈగల గోల చిన్నప్పటి నుంచి విన్న పిల్ల. ఒకరోజు ఫోను చేసి, "అత్తా, మీ గోడలో ఈగలకు ఇక్కడైతే చట్టమే ఉంది" అంది. ఆమె చెప్పింది ఆ నగర శివారులోని ఫారెస్ట్‌డేల్ సరస్సు గురించి. నియోపాసిఫే సింప్లిసియర్ అనే ఒక చిన్న ఒంటరి తేనెటీగ, అదీ నేలలో గూడు పెట్టేదే, ఇప్పుడు ఆ సరస్సు పరిసరాల్లో మాత్రమే మిగిలింది. లొబీలియా వంటి కొద్దిపాటి చిన్న పూలమొక్కల మీద ఆధారపడే ఈ ఈగను ఆస్ట్రేలియా ప్రభుత్వం అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతిగా నమోదు చేసింది. ఆ సరస్సు 1990 నుంచి రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడినేలల జాబితాలో ఉంది. మా నీలి చారల ఈగ పరిస్థితి అలాంటిది కాదు. అది విశాలంగా విస్తరించిన జాతి, మత్తికెరెలో ఒక గోడ పోతే జాతి పోదు. కాని పెర్త్ ఈగకైనా ఆ గతి పట్టింది ఒక్క రోజులో కాదు గదా. ఇక్కడో చేను, అక్కడో గట్టు ఇళ్ళకింద కలిసిపోతూ వచ్చి, చివరికి ఒక్క సరస్సు ఒడ్డు మిగిలింది. మా పిల్ల సెలవురోజున అక్కడికి వెళ్ళి, ఈగ కనబడలేదని, ఇసుకనేల ఫోటో ఒకటి పంపింది. ఆ ఫోటో మా ఇంట్లో ఎవరికీ నచ్చలేదు, నాకు నచ్చింది.

ఉత్త నేలను బీడు అని తీసిపారేసే అలవాటు ఇళ్ళలోనే కాదు, ప్రభుత్వ కాగితాల్లోనూ ఉంది. బెంగళూరుకు వాయవ్యంగా, 1890లలో నగరానికి మొదటిసారి కొళాయి నీళ్ళు అందించిన హెసరఘట్ట చెరువు దగ్గర పెద్ద గడ్డిమైదానం ఉంది. చెట్లు లేవు కాబట్టి ఏమీ లేనట్టే అనుకుని, కొన్నేళ్ళ కిందట అక్కడ ఫిల్మ్‌సిటీ కట్టాలన్నారు. పక్షి ప్రేమికులు గట్టిగా నిలబడి వాదించగా, చివరికి 2024లో దాన్ని సంరక్షణ ప్రాంతంగా ప్రకటించే ప్రతిపాదనకు రాష్ట్ర వన్యప్రాణి మండలి ఆమోదం తెలిపింది. నేను అక్కడికి తరచు వెళ్తుంటాను. అందరూ దుర్భిణీలు ఎత్తి గద్దలను చూస్తుంటే నేను బాట పక్కన వానకు కోసుకుపోయిన మట్టి గట్ల దగ్గర కూర్చుంటాను. నాయన భూతద్దం నా చేతిసంచిలో ఉంటుంది. తంగేడు పూసే కాలంలో ఆ గట్లలో గుమ్మాలు కనబడతాయి. కోకిల ఈగ కూడా కనబడింది. మేష్టారి లెక్క ప్రకారం అది శుభవార్త.

మేము ఇప్పుడుంటున్నది యలహంకలో ఒక అపార్ట్‌మెంటులో. మా బాల్కనీ తులసి మీదికి నీలి చారల ఈగ రావడం చూసి, ఇంత కాంక్రీటులో ఇది ఎక్కడి నుంచి వస్తోందా అని వాకబు చేస్తే, జనరేటరు గది వెనక ఆచూకీ దొరికింది. బిల్డరు వదిలేసిన పునాదిమట్టి అక్కడ నడుమెత్తు గుట్టగా పేరుకుని, పై రేకుల చూరు వల్ల తడవకుండా ఉంది. దాని పక్కవాటాన గుమ్మాలు. చూపించిన మాలి హిందూపురం వైపు మనిషి. ఆయనకు ఈ ఈగలు ముందే తెలుసు, ఎవరికైనా చెబితే మందు కొట్టిస్తారని చెప్పలేదట. నిరుటి సర్వసభ్య సమావేశంలో ఆ గుట్ట ఎత్తించి, బిళ్ళలు పరిచి, ద్విచక్ర వాహనాలకు చోటు చెయ్యాలని ప్రతిపాదన వచ్చింది. నేను లేచి ఈగల సంగతి చెప్పాను. కుడతాయా అని అందరూ ఒకేసారి అడిగారు. కుట్టవని చెప్పాను, మాలి సాక్ష్యం చెప్పాడు. పై అంతస్తు కుర్రాడొకడు అక్కడికక్కడే ఫోనులో ఈగ ఫోటో వెతికి తిప్పితే, బాగుందే అన్నారు. గుట్ట మీద లాను వేసి, ఈగల ఉద్యానం అని బోర్డు పెడదామని ఒకరు సూచించారు. లాను వేస్తే ఈగలు ఉండవని, బోర్డు మాత్రం పెట్టుకోవచ్చని నేను చెప్పాను.

చివరికి కార్యదర్శి విసిగిపోయి, జనరేటరు వెనక స్థలాన్ని ఉన్నది ఉన్నట్టుగా వదిలెయ్యాలని, అక్కడ నీళ్ళు గాని మందు గాని పోయకూడదని మినిట్స్ పుస్తకంలో రాశారు. ఖర్చు అనే గడిలో ఏమి వెయ్యాలని అడిగితే సున్నా వెయ్యమన్నాను. అంతవరకూ వాదించినవాళ్ళు ఆ సున్నా చూసి మెత్తబడ్డారు. తర్వాతి అంశం ట్యాంకరు నీళ్ళ బిల్లు కావడంతో సభ అటు మళ్ళింది. స్కూటర్లకు చోటెక్కడన్నది ఇంకా తేలలేదు. వచ్చే సమావేశంలో మళ్ళీ ఎత్తుతారని మాలి ఇప్పటి నుంచే హెచ్చరిస్తున్నాడు.